లోపాల పుణ్యమా, ఇనుము పుణ్యమా?

అనంత బాటసారి (అనంతపురం):
కోబాల్ట్ ఆక్సైడ్ పొడిని సోడియం బోరోహైడ్రైడ్ ద్రావణంలో గంటసేపు ఉంచి, కావాలనే ఆక్సిజన్ ఖాళీలు (స్ఫటికంలో ఆక్సిజన్ పరమాణువు ఉండాల్సిన చోట లేకపోయే లోపాలు) చేశాను. నీటిని విడగొట్టే పరీక్షలో, ఒక మోలార్ పొటాషియం హైడ్రాక్సైడ్‌లో చదరపు సెంటీమీటరుకు 10 మిల్లీఆంపియర్లు రావడానికి మామూలు పొడికి 1.23 వోల్టుల పైన ఇంకో 370 మిల్లీవోల్టులు పట్టింది. ఖాళీలు చేసిన పొడికి 300 సరిపోయింది (ఎంత తక్కువైతే అంత మంచి ఉత్ప్రేరకం). ఎక్స్‌పీఎస్‌లో (ఎక్స్-కిరణాలు పడ్డప్పుడు ఉపరితలం నుంచి వచ్చే ఎలక్ట్రాన్ల శక్తిని కొలిచే పరీక్ష), ఖాళీలకు గుర్తుగా చెప్పే 531 ఎలక్ట్రాన్ వోల్టుల శిఖరం కూడా పెరిగింది. ఇదంతా ఖాళీల వల్లేనని రాస్తే మా ల్యాబ్‌లో సీనియర్ ఒకరు కొట్టేశారు. తప్పెక్కడ?

గండికోట (కడప):
కొట్టేసి మంచి పని చేశారు. లేని ఆక్సిజన్ నుంచి ఎలక్ట్రాన్ ఎలా వస్తుంది తమ్ముడూ? ఆ శిఖరం ఎక్కువగా ఉపరితలానికి అంటుకున్న హైడ్రాక్సిల్‌ది, తేమది. గంటసేపు నానిన పొడికి అది పెరగకపోతేనే ఆశ్చర్యం. ఎన్నో పత్రాలు దాన్నే ఖాళీలకు గుర్తుగా అచ్చు వేశాయి. (నేనూ ఒకటి రాశాను, ఇప్పుడు చెరిపేసే వీలు లేదు.)

అంతకన్నా పెద్ద దొంగ ఇనుము. సీసాలోంచి తీసిన పొటాషియం హైడ్రాక్సైడ్ బిళ్లల్లో లవలేశంగా దాక్కుని ఉంటుంది. 2014లో అమెరికాలోని ఓరెగాన్ విశ్వవిద్యాలయంలో బోట్చర్ బృందం ఇనుము తీసేసిన ద్రావణంలో నికెల్ హైడ్రాక్సైడ్‌ను పరీక్షిస్తే, అది చాలా నాసి ఉత్ప్రేరకమని తేలింది. కోబాల్ట్‌కూ ఇనుము తోడైతే చురుకు పెరుగుతుంది. శుద్ధి కష్టమేమీ కాదు. ద్రావణంలో నికెల్ హైడ్రాక్సైడ్ అవక్షేపం వేసి బాగా కుదిపితే ఇనుమును అదే పట్టుకుంటుంది, పైతేటను వంపుకో. గాజు పాత్ర మాత్రం వద్దు, క్షారానికి గాజు కరిగి మళ్లీ ఇనుము దిగుతుంది. ప్లాస్టిక్ వాడు.

బురుజు నీడ (కర్నూలు):
అన్నా, మామూలు పొడినీ అదే సీసాలోని ద్రావణంలోనే కదా పరీక్షించారు? ఇనుమే కారణమైతే రెండూ బాగుపడాలి. ఖాళీలున్న చోట జాలకం (పరమాణువుల అల్లిక) వదులుగా ఉండి, వోల్టేజి పెట్టగానే ఆక్సీహైడ్రాక్సైడ్‌గా తొందరగా మారుతుంది. పనిచేసేది ఆ కొత్త పొరే అనుకున్నా, దానికి దారి వేసింది లోపమే.

గండికోట:
సమానంగా బాగుపడాలని ఎక్కడుంది? గరుకు ఉపరితలం ఎక్కువ ఇనుమును పట్టుకుంటుంది. బోరోహైడ్రైడ్ పొడిని ఎంత గరుకు చేసిందో కెపాసిటెన్స్ (ఉపరితలం పట్టుకునే విద్యుదావేశం, వైశాల్యంతో పాటు పెరుగుతుంది) కొలిచి చూశారా? దారి వేసిందంటే ఒప్పుకుంటాను. అప్పుడు పత్రంలో ఉండాల్సింది పరీక్ష తర్వాతి పొడి, ముందటి పొడి ఫొటోలు కావు.

ఎండపొద్దు (ఓర్వకల్లు):
సోలార్ పార్కు పక్కన ఉండేవాడిగా ఒక మాట. పరిశ్రమలో ద్రావణం 30 శాతం దాకా, వేడి 70–80 డిగ్రీలు, కరెంటు మీ 10కి ఇరవై ముప్పై రెట్లు. పొద్దు గుంకి సెల్ ఆగితే ఎదురు కరెంటు పారి ఎలక్ట్రోడ్లను దెబ్బతీస్తుంది. రోజూ ఆగి రోజూ మొదలయ్యే చోట మీ ఖాళీ ఎన్నాళ్లు ఖాళీగా ఉంటుంది?

అనంత బాటసారి:
శుద్ధి చేసిన ద్రావణంలో మళ్లీ చూశాను. 300 కాస్తా 345 అయింది, మామూలు పొడి 390కి ఎక్కింది. తేడా 45. కెపాసిటెన్స్ ప్రకారం ఉపరితలం రెట్టింపు. టాఫెల్ వాలు (కరెంటు పదింతలు కావడానికి పట్టే అదనపు వోల్టేజి) 60 మిల్లీవోల్టులు కాబట్టి ఉపరితలం రెట్టింపైన దాని కింద 18 తీసేస్తే 27 మిగిలింది.

బురుజు నీడ:
ఆ 27 ఖాళీలవే!

గండికోట:
పరీక్ష ప్లాస్టిక్ పాత్రలోనే చేశావా?

అనంత బాటసారి:
శుద్ధి ప్లాస్టిక్‌లో చేశాను. సెల్ మాత్రం గాజుదే. మా దగ్గర ఉన్నది అదొక్కటే.