కాకినాడ–కోటిపల్లి రైలు మార్గం గోదావరి దాటేనా?

ప్రశ్న (ద్రాక్షారామ వాసి): చిన్నతనంలో కోటిపల్లి రేవు దాకా రైల్లో వెళ్లి, అక్కడ పడవెక్కి ముక్తేశ్వరం దాటేవారమని మా తాతగారు చెబితే మేము నమ్మేవాళ్లం కాదు, మాకు ఊహ తెలిసేనాటికి ఆ దారిలో పట్టాలే లేవు. తరువాత అదే దారిలో ఒంటి పెట్టె రైలు బస్సు తిరగడం నా కళ్లతోనే చూశాను. ఈ మార్గం అప్పుడెందుకు పోయిందో, ఇకముందు నిలుస్తుందో లేదో తెలిసినవారు వివరించగలరు.

రామచంద్రపురం మాస్టారు: మీ తాతగారు చెప్పింది నిజమేనండి. సుమారు 45 కిలోమీటర్ల ఈ మార్గాన్ని 1928లో వేశారు. రెండో ప్రపంచ యుద్ధానికి ఇనుము కావలసి వచ్చి 1940లో పట్టాలు ఊడదీసి తరలించారు. యుద్ధం ముగిసింది, దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది, పట్టాలు మాత్రం తిరిగి రాలేదు. అమలాపురం ఎంపీగా, లోక్‌సభ స్పీకరుగా ఉన్న జి.ఎం.సి. బాలయోగి గారి చొరవతో పునర్నిర్మాణం మొదలైంది కానీ, 2002 మార్చి 3న హెలికాప్టరు ప్రమాదంలో మరణించిన ఆయన 2004లో రైలు నడవడం చూడలేకపోయారు.

కోనసీమ రైతు: అసలు చిక్కు కోటిపల్లి దగ్గరే ఉంది. అక్కడి నుంచి అమలాపురం మీదుగా నరసాపురానికి 57 కిలోమీటర్ల మార్గం 2000–01లోనే మంజూరైంది. దానికి గౌతమి, వైనతేయ, వశిష్ఠ అనే మూడు పాయల మీదా వంతెనలు కావాలి; ఖర్చులో నాలుగో వంతు రాష్ట్రం పెట్టుకోవాలి; ఆపై కొబ్బరి తోటల్లో భూసేకరణ. గౌతమిలో స్తంభాలు లేచినా అమలాపురానికి రైలు రాలేదు. ఏటి ఒడ్డున ఆగిపోయే రైలుకు జనం ఎక్కడం లేదని లెక్కలు చూపడం, సగం కట్టిన వంతెన మీద బండ్లు తిరగడం లేదన్నట్టే ఉంటుంది.

నరసాపురం వాసి: రైతు గారితో కొంతవరకే ఏకీభవిస్తాను. యానాం–ఎదుర్లంక, చించినాడ వంతెనలు వచ్చాక మనుషులూ కొబ్బరికాయలూ రోడ్డుకు అలవాటు పడ్డారు. ఊరి బయట స్టేషనుకు నడిచి వెళ్లి ఎప్పుడో వచ్చే ఒక్క పెట్టె కోసం ఎవరు కూర్చుంటారు? మార్గం నరసాపురం చేరి భీమవరం వైపు కలిస్తే మాత్రం, కాకినాడ నుంచి విజయవాడకు తీరం వెంబడి రెండో దారి ఏర్పడుతుంది. సరుకు రైళ్లకు అది అక్కరకు రావచ్చు. అంతవరకు కోటిపల్లి దాకా ఉన్న ముక్కను రైలు బస్సుతో నెట్టుకురావడం కష్టమే.

ద్రాక్షారామ వాసి: వివరాలకు కృతజ్ఞతలు. 2020 లాక్‌డౌన్‌లో ఆ రైలు బస్సు కూడా ఆగింది. మా ఇంట్లో అయితే భీమేశ్వరుడి దర్శనానికి వచ్చే చుట్టాలకు ఇప్పటికీ బస్సు వేళలే చెబుతున్నాం.