అమ్మిన తరువాత మాట్లాడని డీలరు: సెకండ్‌హ్యాండ్ కారు గేరుబాక్సులో లోపం

ప్రశ్న

ఒక డీలరు వద్ద ఆటోమేటిక్ గేర్లున్న సెకండ్‌హ్యాండ్ పెట్రోలు కారు కొన్నాను. నెల తిరగకముందే చెక్ ఇంజన్ లైటు వెలిగింది. రెండవ గేరు నుండి మూడవ గేరుకు మారవలసిన సమయంలో ఇంజను ఒక్కసారిగా రయ్యిమంటుంది కాని బండి వేగం పుంజుకోదు. ఆ తరువాత గట్టి కుదుపుతో గేరు పడుతుంది. బండి వేడెక్కిన కొద్దీ ఈ ఇబ్బంది పెరుగుతోంది.

కొనేవరకు తానే ఫోన్ చేస్తూ వచ్చిన సేల్స్‌మన్ ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు. షోరూముకు వెళ్తే "మేనేజరు గారు లేరు, మేమే ఫోన్ చేస్తాము" అంటారు; ఆ ఫోన్ రాదు. వాట్సాప్‌లో పంపిన సందేశాలు చదివినట్లు నీలి గుర్తులు కనిపిస్తున్నాయి తప్ప జవాబు లేదు. ఇన్‌వాయిసు అడుగున "ఉన్నది ఉన్నట్లుగా అమ్మడమైనది" అని చిన్న అక్షరాలలో ఉంది. అదే కారుకు వారు ఇచ్చిన ప్రకటనలో మాత్రం "ఇంజను, గేరుబాక్సు పూర్తిగా తనిఖీ చేసినవి" అని ఉంది. దాని స్క్రీన్‌షాట్ నా వద్ద భద్రంగా ఉంది.

నాకు తెలిసిన మెకానిక్ గేరుబాక్సు విప్పి చూద్దామంటున్నారు. విప్పించవచ్చా? ఇన్‌వాయిసులోని ఆ వాక్యం వల్ల నేను అడిగే హక్కు పోయినట్లేనా? అసలు పలకని మనిషిని పలికించడం ఎలా?

జవాబు

గేరుబాక్సును ఇప్పుడే విప్పించకండి. విప్పిన మరుక్షణం నుండి "లోపం మేము అమ్మినప్పుడు లేదు, మీ మెకానిక్ చేతిలో వచ్చింది" అని డీలరు వాదించగలడు. ఆ వాదనను కాదనడానికి మీ వద్ద ఆధారం మిగలదు. గేర్ ఆయిలు కూడా మార్పించవద్దు. ఆయిలు మట్టం తగ్గినా గేరు జారుతుంది కాబట్టి మట్టం చూడడం అవసరమే, కాని చూసిన మట్టాన్ని, రంగును, మాడు వాసన ఉన్నదీ లేనిదీ రాయించుకున్న తరువాతే మిగిలిన పనులు. ఈ లోగా బండిని వీలైనంత వరకు కదిలించకండి. ఆటోమేటిక్ గేరుబాక్సు లోపల గేర్లను పట్టి ఉంచే క్లచ్ పలకలు జారుతుంటే నడిపిన కొద్దీ మరింత కాలిపోతాయి. పైగా లోపం తెలిసిన తరువాత కూడా నడుపుతూ పోయినవారు బండి వాపసు అడిగితే ఆ అడగడంలో బలం తగ్గుతుంది.

ముందుగా చేయవలసినది స్కానింగు. డీలరుతో గాని మీతో గాని సంబంధం లేని వర్క్‌షాపులో ఓబీడీ స్కానర్ (కారు కంప్యూటరులో నమోదైన లోపాల కోడ్‌లను చదివే పరికరం) పెట్టించి, కోడ్‌లన్నిటినీ ప్రింటు తీయించండి. పి0700 అనేది గేరుబాక్సు కంట్రోలరు ఏదో లోపాన్ని నమోదు చేసిందని మాత్రమే చెబుతుంది. అసలు సంగతి దాని వెనుక ఉండే కోడ్‌లలో ఉంటుంది. పి0732 అంటే రెండవ గేరు నిష్పత్తి (గేరుబాక్సులోకి వచ్చే వేగానికి, బయటకు వెళ్లే వేగానికి ఉండవలసిన లెక్క), పి0733 అంటే మూడవ గేరు నిష్పత్తి సరిగా లేవని అర్థం. మీరు చెప్పిన లక్షణాలకు ఇటువంటివి కనబడే అవకాశం ఉంది. కోడ్‌లను మాత్రం చెరిపివేయనివ్వకండి. కొందరు మెకానిక్‌లు అలవాటుగా ముందు చెరిపి, మళ్లీ వస్తుందేమో చూద్దామంటారు. మామూలు రిపేరులో అది ఫరవాలేదు గాని తగాదాలో ఉన్న బండికి అది నష్టం.

చాలామంది అడగని అంకె ఒకటుంది. కోడ్‌లను చివరిసారిగా చెరిపిన తరువాత బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చాలా కార్లలో కంప్యూటరు లెక్క ఉంచుతుంది, స్కానర్‌లో దానిని చూడవచ్చు. మీరు కొన్ననాటి ఓడోమీటరు అంకె ఇన్‌వాయిసులో ఉంటే రెండింటినీ పోల్చండి. మీ చేతికి రావడానికి కొద్దిముందే కోడ్‌లు చెరిపినట్లు తేలితే అది డీలరు జవాబు చెప్పుకోవలసిన సంగతి. అయితే బ్యాటరీ తీసి పెట్టినా కొన్ని కార్లలో ఆ లెక్క సున్నాకు వస్తుంది, కనుక దీనిని ఒక్క ఆధారంగా కాక మిగిలినవాటికి తోడుగా వాడుకోండి.

వర్క్‌షాపు వారు ఇచ్చే రిపోర్టులో చాసిస్ నంబరు, ఆనాటి ఓడోమీటరు అంకె, తేదీ, సంతకం ఉండాలి. అన్నిటికంటె ముఖ్యంగా ఈ అరుగుదల ఇంత తక్కువ దూరంలో వచ్చేదా, లేక అంతకుముందు నుండీ ఉన్నదా అన్న విషయంపై వారి అభిప్రాయం రాతలో ఉండాలి. "గేరుబాక్సు బాగాలేదు" అన్న ఒక్క ముక్క రాసిచ్చే రిపోర్టుకు డబ్బు దండగ.

మరొక జవాబు

పై వారు యంత్రం సంగతి చెప్పారు కనుక నేను మౌనం సంగతి చెబుతాను. డీలరు పలకకపోవడం మతిమరుపు కాదు, చాలా చోట్ల అదొక పద్ధతి: కొన్నవారు విసిగి సొంత ఖర్చుతో బాగుచేయించుకుంటారని వారికి తెలుసు. మీరు ఫోన్ చేసినంత కాలం ఆ పద్ధతికి ఏ ఖర్చూ లేదు, ఎందుకంటే ఎత్తని ఫోన్‌లో మీరు ఏమి అడగదలచుకున్నారో ఎక్కడా నమోదు కాదు. అందుచేత ఫోన్లు మానివేసి, సంస్థ రిజిస్టర్డ్ చిరునామాకు, యజమాని పేరిట, అందినట్లు రసీదు వచ్చే పోస్టులో ఒక ఉత్తరం పంపండి. దాని నకలు ఈమెయిలులో కూడా పంపండి. సేల్స్‌మన్ పేరిట పంపితే అతడు రేపు ఉద్యోగం మానేశాడంటారు.

ఉత్తరం ఒక పేజీ దాటకూడదు. ఏ తేదీన ఏ కారు ఎంతకు కొన్నారో, ఏ లోపం ఎప్పుడు బయటపడిందో, ప్రకటనలో వారు రాసిన మాటలు ఏమిటో, మీరు ఎప్పుడెప్పుడు సంప్రదించారో రాసి, రిపోర్టు నకలు జతచేయండి. ఆపైన మీకు కావలసినది ఒక్కటే తేల్చి అడగండి. ఉచితంగా బాగుచేయడమా, బండి తీసుకుని డబ్బు వాపసు ఇవ్వడమా, ధరలో కొంత తిరిగి ఇవ్వడమా అన్నది మీరు నిర్ణయించుకోకుండా "న్యాయం చేయండి" అని రాస్తే, వారు తమకు అన్నిటికంటె చవకైన న్యాయం చేస్తారు. ఫలానా తేదీలోగా అని గడువు పెట్టండి. గడువు దాటినా జవాబు రాకపోతే వారి మౌనమే మీ ఫిర్యాదులో ఒక పత్రమవుతుంది. అప్పు తీసుకుని కొని ఉంటే ఆ ఫైనాన్సు సంస్థకు కూడా ఒక నకలు పంపండి, కాని కోపంతో వాయిదాలు కట్టడం మాత్రం మానకండి. ఆ తప్పు మీ మీదికే వస్తుంది.

ఇంకొక జవాబు

"ఉన్నది ఉన్నట్లుగా" అన్న వాక్యం బలం దేశాన్ని బట్టి మారుతుంది. బ్రిటన్‌లో 2015 నాటి వినియోగదారుల హక్కుల చట్టం ప్రకారం వ్యాపారి అటువంటి వాక్యంతో బాధ్యత తప్పించుకోలేడు. కొన్న 30 రోజులలోపు లోపమున్న బండిని తిరస్కరించవచ్చు, ఆరు నెలలలోపు బయటపడిన లోపం అమ్మినప్పుడు లేదని నిరూపించవలసినది సాధారణంగా అమ్మినవాడే. ఐరోపా సమాఖ్యలో 2019 నాటి ఆదేశం ఆ నిరూపణ భారాన్ని కనీసం ఒక సంవత్సరం పాటు అమ్మినవాడి మీదనే ఉంచింది. అమెరికాలో పరిస్థితి కొంత వేరు: డీలరు అమ్మకానికి పెట్టిన ప్రతి పాత కారు మీద వారంటీ ఉన్నదో లేదో తెలిపే పత్రం అంటించాలని ఫెడరల్ నియమం ఉంది, "ఉన్నది ఉన్నట్లుగా" అన్న గడిలో టిక్కు పెడితే చాలా రాష్ట్రాలలో అది చెల్లుతుంది, కొన్ని రాష్ట్రాలలో చెల్లదు. భారతదేశంలో 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద, వివాదానికి కారణం పుట్టిన నాటి నుండి రెండేళ్లలోపు వినియోగదారుల కమిషన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. అయితే తిరిగి అమ్మడానికి గాని వ్యాపార అవసరానికి గాని కొన్నవారు ఆ చట్టంలో వినియోగదారులు కారు.

కాని ఎక్కడైనా ఒక తేడా గుర్తుంచుకోండి. లోపం గురించి ఏమీ చెప్పకుండా అమ్మడం ఒకటి, "పూర్తిగా తనిఖీ చేసినవి" అని రాతలో చెప్పి అమ్మడం మరొకటి. రెండవది తప్పుదారి పట్టించిన ప్రకటన కిందికి రావచ్చు, అప్పుడు ఇన్‌వాయిసు అడుగున ఉన్న చిన్న అక్షరాలు వారిని కాపాడతాయని చెప్పలేము. నా అభిప్రాయంలో మీ వద్దనున్న స్క్రీన్‌షాట్ గేరుబాక్సు రిపోర్టుకు తీసిపోదు.

అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. స్కానింగు చేయించాను, పి0700, పి0733 రెండూ ఉన్నాయి. ఉత్తరం అందిన తరువాత మేనేజరు గారే ఫోన్ చేసి, బండి తెచ్చి వదిలిపెడితే తమ మెకానిక్‌లతో చూపిస్తామని, ఇకపై ఉత్తరాలు వద్దని, అన్నీ నోటిమాటగా తేల్చుకుందామని అన్నారు. వదిలిపెట్టవచ్చా?

జవాబు

స్కానింగు గురించి రాసినది నేనే. వదిలిపెట్టండి, బాగుచేసే అవకాశమే ఇవ్వలేదన్న మాట వారికి దొరకకూడదు. అయితే ఆ ఫోన్‌లో మాట్లాడుకున్నదంతా అదే రోజు ఈమెయిలులో వారికి తిరిగి రాయండి: "మీరు ఇలా అన్నారు, నేను ఈ షరతులతో బండి అప్పగిస్తున్నాను" అని. వద్దన్నది వారి సౌకర్యం, రాయడం మీ సౌకర్యం. అప్పగించేటప్పుడు జాబ్ కార్డు (బండిని ఏ పనికి తీసుకున్నారో వర్క్‌షాపు వారు రాసిచ్చే కాగితం) తీసుకోండి. అందులో మీరు చెప్పిన లోపం మీ మాటలలోనే ఉండాలి, "జనరల్ చెకప్" అని రాస్తే సంతకం పెట్టవద్దు. ఓడోమీటరు, పెట్రోలు ముల్లు, బండి నాలుగు వైపులా ఫోటోలు తీయండి. రిజిస్ట్రేషన్ అసలు పత్రం, రెండవ తాళంచెవి మీ వద్దనే ఉంచుకోండి. ఎప్పటిలోగా తిరిగి ఇస్తారో, ఏ భాగాలు మార్చారో, మార్చిన భాగాలకు ఎంత కాలం హామీ ఇస్తారో రాయించుకోండి. "ఇక నాకు ఏ ఫిర్యాదూ లేదు" అన్న కాగితం ముందుకు తోస్తే, బండి వేడెక్కేంత దూరం మీరే నడిపి, రెండు నుండి మూడవ గేరు ఎలా పడుతోందో చూసుకునే వరకు దానిని ముట్టుకోకండి. ఆయిలు మాత్రమే మార్చి ఇచ్చిన బండి చల్లగా ఉన్నప్పుడు బాగానే నడవవచ్చు.