గోల్స్ కొట్టే ఆటగాడే క్రమశిక్షణ తప్పుతుంటే ఏం చేయాలి?

నమస్కారం. విశాఖపట్నంలో ఆటగాళ్లకు నెలజీతాలిచ్చి నడుపుతున్న ఒక చిన్న ఫుట్‌బాల్ క్లబ్బులో నేను సహాయ కోచ్‌గా పనిచేస్తున్నాను. మా జట్టులో అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టే ఫార్వర్డ్ ఉదయం సాధనకు తరచూ ఆలస్యంగా వస్తున్నాడు. వచ్చాక కూడా, మిగిలినవారు ఆర్కే బీచ్ ఇసుకలో చెమటలు కక్కుతూ పరుగెడుతుంటే, తాను గట్టు మీద కూర్చొని తాపీగా బూట్ల లేసులు కట్టుకుంటూ ఉంటాడు. జీతంలో కోత వేస్తే "కోసుకోండి సార్" అని నవ్వేశాడు.

నిజానికి నా దిగులు అతని గురించి కాదు, అతన్ని చూస్తున్న కుర్రాళ్ల గురించి. గాజువాక నుంచి తెల్లవారకముందే బస్సెక్కి వచ్చే మా గోల్‌కీపర్ ఈమధ్య "గోల్ కొడితే అన్నీ చెల్లిపోతాయా సార్?" అని అడిగాడు.

2021 డిసెంబరులో ఇంగ్లండ్‌లోని పెద్ద క్లబ్బు ఆర్సెనల్, క్రమశిక్షణ తప్పిన తన ఫార్వర్డ్ ఒబమెయాంగ్‌ను కెప్టెన్సీ నుంచి తొలగించింది; రెండు నెలలు తిరగకముందే అతను స్పెయిన్ క్లబ్బు బార్సిలోనాకు వెళ్లిపోయాడు. అంతటి క్లబ్బుకు మరో ఆటగాడు దొరుకుతాడు. మా బెంచీ మీద ఉన్నదేమో ఇంకా ఇంటర్ చదువుతున్న పిల్లవాడు.

ఇలాంటి ఆటగాణ్ణి ముఖ్యమైన మ్యాచ్‌కు పక్కన పెట్టడం మేలా, లేక జరిమానాల నియమాలను సీనియర్ ఆటగాళ్ల చేతనే రాయించి, వారి ద్వారానే అమలు చేయించడం మేలా? జట్లను నడిపిన అనుభవమున్నవారు, నెలల తరబడి బెంచీకే పరిమితమైనవారిలో ఉత్సాహం సన్నగిల్లకుండా మీరేం చేశారో కూడా తెలియజేయగలరు.