తొమ్మిది ఆటలు, ఒకటే గడ్డి: డాలస్ సంగతి తెలిసినవారు చెప్పండి

పాత గ్రౌండ్‌మ్యాన్ (విశాఖపట్నం) అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. మాది విశాఖ, మల్కాపురం. ముప్పై నాలుగేళ్ళు మైదానాల్లో గడ్డి పెంచి రిటైరయ్యాను. ఎక్కడ చేశానో చెప్పను, పింఛను ఇంకా అక్కడి నుంచే రావాలి. మా అమ్మాయి, అల్లుడు డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఉంటారు. 2026 ఫుట్‌బాల్ ప్రపంచ కప్పులో జూన్ 14న జరిగే నెదర్లాండ్స్, జపాన్ ఆటకు అల్లుడు మూడు టికెట్లు కొన్నాడు. ధర అడిగితే నవ్వి ఊరుకున్నాడు. అమ్మాయిని అడిగితే మాట మార్చింది. ఎంతయి ఉంటుందో నాకు అర్థమైంది.

టికెట్ సంగతి అలా ఉంచండి. నాకు నిద్ర పట్టనివ్వనిది గడ్డి.

ఆ స్టేడియం ఆర్లింగ్టన్‌లో ఉంది, 2009లో తెరిచారు. అందులో ఆడేది వాళ్ళ ఫుట్‌బాల్, అంటే బంతిని చంకలో పెట్టుకుని పరుగెత్తే ఆట. కింద ప్లాస్టిక్ గడ్డి, పైన తెరిచి మూసే కప్పు. ప్రపంచ కప్పుకు మాత్రం అసలు గడ్డే కావాలని దాన్ని నడిపే ఫిఫా పట్టు. మైదానం 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు. కాగితం మీద లెక్క వేశాను. 7,140 చదరపు మీటర్లు, మన లెక్కలో ఎకరం డెబ్బై ఆరు సెంట్లు. గీత దాటి జారే ఆటగాళ్ళ కోసం చుట్టూ వదిలే చోటు కూడా కలిపితే రెండెకరాలు దాటుతుంది.

ఆ రెండెకరాల పచ్చికను కప్పు కింద బతికించాలి. టోర్నమెంటు జరిగే పదహారు నగరాల్లో అన్నిటికన్నా ఎక్కువగా తొమ్మిది ఆటలు అక్కడే. మొదటి పదిహేడు రోజుల్లోనే ఆరు. ఆఖరిది జులై 14న సెమీఫైనల్. ఒక ఆట పూర్తయ్యేసరికి గోలు ముందు నేల ఎలా ఉంటుందో చూసిన వాళ్ళకు తెలుసు, కోళ్ళు కెలికిన పెరడులా ఉంటుంది. దానికి ఇసుక చల్లి, నీళ్ళు పెట్టి, మూడు రోజులు ఎవరినీ కాలు పెట్టనివ్వకుండా కాపలా కాసేవాణ్ణి. అప్పుడు కూడా ఎండే సగం పని చేసేది. నీడలో గడ్డి సన్నగా, పొడుగ్గా, తెల్లగా సాగుతుంది తప్ప వేరు పట్టదు. మా మైదానంలో నిద్రగన్నేరు చెట్టు కింద మూల ఒకటి ఉండేది. ముప్పై నాలుగేళ్ళలో అక్కడ నేను గెలిచింది లేదు.

హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు కూడా ఇంత దిగులు పడలేదు. 2014 అక్టోబరు 12న ఆ గాలి సముద్రపు నీటిని ఊరి మీద చల్లింది. మరునాటికి మైదానమంతా ఇనుప తుప్పు రంగు. మూడు వారాలు మంచినీళ్ళు పెడుతూ ఉప్పు కడిగాను. అడుగున వేరు బతికే ఉంది, చిగురు వేసింది. గడ్డి అంత తేలిగ్గా చావదు. కానీ దానికి ఎండ కావాలి.

నేను అడిగేవి మూడు. కప్పు కింద గడ్డి ఎలా పెంచుతారు? ఆ ఊళ్ళో బస్సులే లేవంటున్నారు, జనం ఎలా వెళ్తారు? ఆటలు అయ్యాక ఆ గడ్డిని ఏమి చేస్తారు?

ఇర్వింగ్ వాసి

నమస్కారం బాబాయ్ గారూ. నేను పుట్టింది సీతమ్మధారలో, పన్నెండేళ్ళుగా ఇక్కడ. గడ్డి గురించి నాకు తెలియదు, మా ఇంటి ముందుది కూడా ఎవరో వచ్చి కోసిపోతారు. దారి మాత్రం చెప్పగలను.

మీరు విన్నది నిజమే. ఆర్లింగ్టన్‌లో నాలుగు లక్షలకు దగ్గరగా జనం ఉన్నారు, మన ఆర్టీసీ బస్సుల్లా వేళకు తిరిగే బస్సు ఒక్కటీ లేదు. ఫోనులో అడిగితే చిన్న వ్యాను వచ్చి ఎక్కించుకుంటుంది, అంతే. అందుకే వీళ్ళు కొంతకాలంగా తల పట్టుకుని ఆలోచిస్తున్నది ఈ జనాన్ని చేరవేయడం గురించే. డాలస్, ఫోర్ట్‌వర్త్ మధ్య ఒక రైలు ఉంది. మన ఇర్వింగ్‌లోనే ఎక్కవచ్చు. విమానాశ్రయం దగ్గర సెంటర్‌పోర్ట్ స్టేషనులో దిగితే అక్కడి నుంచి స్టేడియానికి బస్సులు నడుపుతారట. ఒక మెలిక ఉంది. జూన్ 14 ఆదివారం. మామూలుగా ఆదివారాలు ఆ రైలు నడవదు. ఆట రోజు ప్రత్యేక రైళ్ళ వేళలు మీ అల్లుడు గారిని ముందే చూసి పెట్టుకోమనండి. కారులో వెళ్తే ఆపే చోటుకు డబ్బు, దిగాక చాలా దూరం నడక, పైన టెక్సస్ జూన్ ఎండ. మన ఎండాకాలం చూసిన మీకు వేడి కొత్త కాదు కానీ ఇక్కడ సముద్రపు గాలి ఉండదు.

సంచీ పారదర్శకంగా ఉండాలి, లోపల ఏముందో బయటికి కనపడాలి. పులిహోర డబ్బా పెట్టుకుని వెళ్దామనుకుంటే గేటు దగ్గరే ఆగిపోతుంది. ఇంకొకటి, బోర్డుల మీద స్టేడియం అసలు పేరు వెతక్కండి. ప్రాయోజకుల పేర్లు ఫిఫా ఒప్పుకోదు కాబట్టి ఆ నెల రోజులు దాని పేరు డాలస్ స్టేడియం.

టికెట్ లేని రోజు ఫెయిర్ పార్క్‌కు వెళ్ళండి, అభిమానుల కోసం పెద్ద తెరలు పెడుతున్నారు. కాటన్ బౌల్ అనే పాత స్టేడియం ఆ ఆవరణలోనే ఉంది. 1994లో బ్రెజిల్, నెదర్లాండ్స్ క్వార్టర్ ఫైనల్ ఆడింది అక్కడే. బ్రెజిల్ ఆటగాడు బెబెటో గోలు కొట్టి చేతులతో ఉయ్యాల ఊపాడే, అదే ఆట.

నారుమడి

గ్రౌండ్‌మ్యాన్ గారికి. నేను వ్యవసాయం చదువుకున్నాను, మాది అనకాపల్లి దగ్గర పల్లె. మీ మొదటి ప్రశ్నకు జవాబు మా పొలంలోనే ఉంది. నాటు యంత్రానికి నారు ఎలా పోస్తారు? ప్లాస్టిక్ పట్టా పరిచి, దాని మీద పలుచగా మట్టి పోసి, విత్తనం చల్లుతారు. వేరు కిందికి దిగాలంటే పట్టా అడ్డు. పక్కకు పాకి ఒకదానితో ఒకటి అల్లుకుని చాప అవుతుంది. ఆ చాపను చుట్టి భుజాన వేసుకుని పొలానికి తెస్తాం.

అక్కడ చేస్తున్నదీ ఇదే. టెన్నెసీ, మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయాల గడ్డి శాస్త్రజ్ఞులు ఫిఫా కోసం కొన్నేళ్ళుగా దీని మీదే పని చేస్తున్నారు. వేరే చోట ఎండలో ప్లాస్టిక్ పట్టా మీద ఇసుక పోసి గడ్డి పెంచుతారు. మామూలు పచ్చికను నేల నుంచి కోసి తీస్తే వేరు తెగుతుంది, మళ్ళీ పట్టడానికి వారాలు కావాలి. ఇక్కడ వేరు తెగదు. చుట్టలు చుట్టి చల్లటి లారీల్లో తెచ్చి పరిస్తే త్వరలోనే ఆడవచ్చు. తరువాత ప్లాస్టిక్ పోగులను కొద్దిగా గడ్డి మధ్య కుట్టుతారు, బూటు గుచ్చుకున్నా నేల చీలకుండా.

ఎండ మాటకు వస్తే, మీ అనుమానం నూటికి నూరు పాళ్ళు సరైనది. అందుకే గడ్డి రకమే మార్చారు. మయామీ లాంటి ఎండ పడే చోట్ల బెర్ముడా. మీకు చెప్పనక్కరలేదు, అది వినాయక చవితికి మనం కోసుకొచ్చే గరికే. నీడలో అది నిలవదు. కప్పు ఉన్న స్టేడియాలకు చలి ప్రాంతపు కెంటకీ బ్లూగ్రాస్, రై గడ్డి కలిపి వాడుతున్నారు, వాటికి కాస్త తక్కువ వెలుతురు చాలు. మిగిలిన వెలుతురును చక్రాల బండ్ల మీద దీపాలు పెట్టి, వరుసలు వరుసలుగా నేల మీద నడిపి ఇస్తారు.

కప్పు కింద అసలు గడ్డి అమెరికాకు కొత్త కూడా కాదు. 1994లో మిషిగన్‌లోని పాంటియాక్ సిల్వర్‌డోమ్‌లో ఆరు పలకల పళ్ళేలలో గడ్డి పెంచి, తేనెపట్టు గదుల్లా ఒకదాని పక్కన ఒకటి పేర్చారు. దాన్ని చేసింది కూడా మిషిగన్ స్టేట్ వాళ్ళే. ఇటీవలి అనుభవం అంత తియ్యగా లేదు. 2024లో కోపా అమెరికా ఫుట్‌బాల్ పోటీలకు అట్లాంటాలో ప్లాస్టిక్ నేల మీద హడావిడిగా పచ్చిక పరిస్తే, గెలిచిన అర్జెంటీనా వాళ్ళే నేల బాగాలేదని బహిరంగంగా విసుక్కున్నారు.

మూడో ప్రశ్నకు జవాబు మీకు నచ్చదు. తీసేస్తారు. వాళ్ళ ఫుట్‌బాల్ మొదలయ్యేసరికి మళ్ళీ ప్లాస్టిక్.

వాల్తేరు వింగర్

అందరూ డాలస్ గురించే మాట్లాడుతున్నారు. మన ఊరి సంగతి ఎవరూ ఎత్తరేమిటి? 2025 అక్టోబరులో మహిళల క్రికెట్ ప్రపంచ కప్పు ఆటలు ఐదు మధురవాడలో జరిగాయి. హోటళ్ళు చాలలేదా, విమానాలు రాలేదా? ఫుట్‌బాల్ మాట వస్తే మాత్రం విశాఖ పటంలోనే ఉండదు.

నేను ఆడపిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుతాను, జీతం లేదు, విజిల్ ఉంది. 2022లో అండర్-17 మహిళల ప్రపంచ కప్పుకు భువనేశ్వర్‌లో మన జట్టు ఆటలు పెట్టారు. ఆ ఆగస్టులో ఫిఫా మన సమాఖ్యను సస్పెండ్ చేస్తే టోర్నమెంటే చెయ్యి జారిందనుకున్నాం. నెలాఖరుకు ఎత్తేశారు. ఎనిమిది మంది పిల్లలతో రైలెక్కాను. కళింగ స్టేడియంలో అమెరికా మనమీద 8–0తో గెలిచింది. నేను తల పట్టుకుని కూర్చుంటే మా గోల్‌కీపర్ పిల్ల నా భుజం తట్టి, "మేడమ్, ఆ గడ్డి చూడండి, దాని మీద పడితే దెబ్బే తగలదు" అంది. మోకాళ్ళు చెక్కుకుపోయే మైదానం తప్ప దానికి ఇంకోటి తెలియదు. తిరుగు ప్రయాణంలో స్కోరు మాట ఎవరూ ఎత్తలేదు, గడ్డి మాటే.

పెద్ద స్టేడియం వద్దు. 2017లో అండర్-17 కుర్రాళ్ళ ప్రపంచ కప్పుకు కొచ్చిలో ఏమి చేశారో చూడండి. స్టేడియం కింద దుకాణాలు ఖాళీ చేయించారు, సీట్లు తగ్గించారు, అదంతా పేపర్లలో వచ్చింది. నాకు కావలసింది దాని వెనక ఉన్నది. జట్లు అభ్యాసం చేయడానికి మహారాజాస్ కాలేజీ మైదానం, పనంపిళ్ళి నగర్ మైదానం, ఫోర్ట్ కొచ్చిలో పరేడ్, వెళి మైదానాలు బాగుచేశారు. ఆట అయ్యాక జట్లు వెళ్ళిపోతాయి, మైదానాలు ఎత్తుకుపోలేవు కదా. మనకు అలాంటిది ఒక్కటి చాలు.

పాత గ్రౌండ్‌మ్యాన్ (విశాఖపట్నం)

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. నారుమడి గారూ, చాప నారు మాట చదివి లేచి కూర్చున్నాను. నేను రెండు సార్లు పచ్చిక పలకలు కోసి తెచ్చి గోలు ముందు వేశాను, రెండు సార్లూ ఎండిపోయాయి. తప్పు నీళ్ళదనుకున్నాను. తెగిన వేరుదన్నమాట. ముందే తెలిస్తే బాగుండేది, అయినా పట్టా కొనడానికి ఎవరు డబ్బు ఇస్తారు.

అది తీసేస్తారన్నారు చూడండి, అది మింగుడు పడటం లేదు. ఆ దేశంలో వాళ్ళ ఆటగాళ్ళే మాకు అసలు గడ్డి కావాలని సంఘం పెట్టుకుని అడుగుతున్నారట. పెట్టిన పంటను పీకి ప్లాస్టిక్ పరవడం ఏమి లెక్కో. సరే, వాళ్ళ డబ్బు, వాళ్ళ నేల.

వింగర్ అమ్మా, నీ ఆవేశం నాకు అర్థమైంది. కానీ ముందు గడ్డి, తరువాతే ఊరు. 2017లోనే గువాహటిలో వాన పడి నేల చెడితే, ఇంగ్లండ్, బ్రెజిల్ సెమీఫైనల్‌ను రెండు రోజుల ముందు కోల్‌కతాకు మార్చేశారు. హోటళ్ళు, జెండాలు, స్వాగత తోరణాలు అన్నీ అలాగే ఉన్నాయి, ఆట వెళ్ళిపోయింది. మన దగ్గర వానకు ముందే మనుషులు చెడగొడతారు. నేను మూడు నెలలు పెంచిన మైదానాన్ని ఒకసారి ప్రదర్శనకు ఇచ్చారు. పైవాళ్ళ సంతకం ఉంది, నన్ను అడిగేదెవరు. షామియానా గుంజల కోసం తవ్విన గుంతలు లెక్కపెట్టాను, నూట పన్నెండు. ఒక దాంట్లో మిర్చిబజ్జీల నూనె పోశారు. అక్కడ రెండేళ్ళు గడ్డి మొలవలేదు, తుంగ కూడా.

నీ పిల్లలు ఆడే నేల ఎక్కడో చెప్పు. నేను ఆగస్టులో తిరిగి వస్తాను, అప్పటికి వానలు ఉంటాయి. నాటడానికి అదే అదను. గరిక కణుపులు నాలుగు బస్తాలు నేను తెస్తాను. తుంగ గడ్డలు ఏరే పని నీ పిల్లలది. పైపైన పీకితే కాదు, తవ్వి తీయాలి. ఇప్పటి నుంచే మొదలుపెట్టండి.

ఇర్వింగ్ తల్లీ, బెబెటో ఉయ్యాల ఊపిన గోలు నేను దూరదర్శన్‌లో చూశాను. అప్పటికి మా అమ్మాయికి ఏడాది కూడా నిండలేదు, ఒళ్ళోనే ఉంది. కాటన్ బౌల్ తప్పకుండా చూస్తాను. ఒక చిన్న సందేహం. మా సీట్లు పై అంతస్తులోనట. దుర్భిణి తీసుకువెళ్ళనిస్తారా?

ఇర్వింగ్ వాసి

చిన్నదైతే ఇబ్బంది ఉండదనుకుంటున్నాను బాబాయ్ గారూ, దాని పెట్టె మాత్రం ఇంట్లో వదిలి మెడలో వేసుకుని రండి. నిబంధనలు చూసి మళ్ళీ చెబుతాను. బంతి చూడటానికా, గడ్డి చూడటానికా?

పాత గ్రౌండ్‌మ్యాన్ (విశాఖపట్నం)

గోలు ముందు ఆరు గజాలు.