గర్భిణి ఉన్న ఇంట్లో స్లాబు మరమ్మతు: అమ్మ వద్దంటోంది, వాన ఆగనంటోంది

పర్లాకిమిడి తమ్ముడు:

మిత్రులందరికీ నమస్కారం. మా ఇంటి సంగతి ఒకటి మీ ముందు పెడుతున్నాను, పెద్దలు సలహా చెప్పగలరు. మాది ఒడిశా గజపతి జిల్లా పర్లాకిమిడిలో నాన్నగారు 1994లో కట్టించిన డాబా ఇల్లు. నాన్నగారు ఇప్పుడు లేరు. అమ్మ, నేను, నా భార్య ఉంటున్నాం. ఏడో నెల రాగానే చెల్లెలిని పురిటికి తీసుకువచ్చాం.

నడిమి గది స్లాబుకు కొంతకాలంగా చెమ్మ పడుతోంది. ఈ ఏడు వానలు మొదలైన దగ్గరి నుంచి ఫ్యాను కొక్కెం పక్కన ఉన్న తడి మచ్చ పెరిగి పెరిగి, మొన్న రాత్రి అరచేయంత పెచ్చు ఊడి మంచం పక్కనే పడింది. పైకి చూస్తే తుప్పు పట్టిన చువ్వ కనిపిస్తోంది. ఆ మంచం మీద పడుకునేది చెల్లెలే.

మేస్త్రితో నేను ముందే మాట్లాడి ఉంచాను. ఆయన ఒడియా మనిషి. జూన్ మధ్యలో వచ్చే రజో పండుగ మూడు రోజులూ భూదేవికి విశ్రాంతి కాబట్టి పలుగూ పారా ముట్టనని, మిథున సంక్రాంతి వెళ్లాక వస్తానని అన్నాడు. అంతలో చెల్లెలు వచ్చింది, అమ్మ పట్టుబట్టింది. కడుపుతో ఉన్న మనిషి ఇంట్లో ఉండగా గోడకు మేకు కూడా కొట్టకూడదట, కొట్టిన దెబ్బ లోపలి బిడ్డకు తగులుతుందట. పురుడు వెళ్లి బారసాల అయ్యేదాకా ఇంట్లో సుత్తి చప్పుడు వినిపించడానికి వీల్లేదంటోంది. ఎందుకని అడిగితే, వాళ్ల అమ్మ చెప్పింది కాబట్టి అన్నదే సమాధానం. పక్కింటి ఒడియా పెద్దావిడ కూడా సరిగ్గా అదే మాట అనడంతో అమ్మ పక్షం బలపడింది.

ప్రసవం సెప్టెంబరు చివర్లో కావచ్చునని డాక్టరుగారు చెప్పారు. అంతవరకు వాన ఆగదు. అమ్మ మాట తోసిపుచ్చలేను, ఆ కప్పు కింద చెల్లెలిని పడుకోబెట్టనూ లేను. మీ ఇళ్లలో ఇలాంటి పరిస్థితి వచ్చినప్పుడు ఏం చేశారో చెప్పండి.

బరంపురం ఇంజినీరు:

తమ్ముడూ, ఇందులో ఆలోచించవలసింది ఏముంది? చువ్వ బయటపడిన స్లాబు బారసాల దాకా ఆగుతానని ఎవరికీ మాట ఇవ్వలేదు. రేపే మేస్త్రిని పిలిపించి పని మొదలుపెట్టించండి, అమ్మగారిని నాలుగు రోజులు ఏదైనా యాత్రకు పంపండి. తిరిగి వచ్చేసరికి పని పూర్తయి ఉంటుంది, మాట్లాడేది ఏమీ ఉండదు.

గుణుపురం మాస్టారు:

బరంపురం బాబు పడే తొందర సరైనదే గాని, చూపిన తోవ సరైనది కాదు. కూతురు ఏడో నెలలో ఉండగా ఏ తల్లీ యాత్రకు వెళ్లదు. పైగా ఈ వానలో స్లాబు పైన చేయించే మరమ్మతు నిలవదు. తడిసిన కాంక్రీటు మీద వాటర్‌ప్రూఫింగు పూత పూస్తే పట్టుకోదు, పట్టుకున్నట్టు కనిపించినా లోపల చిక్కిన తేమ ఎండ కాయగానే దాన్ని బుడగలుగా పైకి లేపుతుంది. నాలుగు రోజుల్లో పూర్తయిన పని వచ్చే వానాకాలానికి మళ్లీ మొదటికి వస్తుంది.

తమ్ముడూ, మీ స్లాబులో జరుగుతున్నది ఏమిటో ముందు తెలుసుకుంటే, ఏది ఇప్పుడే చేయాలో, ఏది ఆగవచ్చో మీకే తేటపడుతుంది. స్లాబు అడుగున చువ్వకు 15 నుంచి 20 మిల్లీమీటర్ల మందాన కాంక్రీటు పొర ఉండాలి. ఆ రోజుల్లో చాలా ఇళ్లలో పోత పోసేటప్పుడు చువ్వలను ఎత్తి ఉంచే సిమెంటు బిళ్లలు వాటి కింద పెట్టక, అవి సెంట్రింగు చెక్కకు దాదాపు ఆనుకునే ఉండిపోయేవి. పైనుంచి దిగిన నీరు ఆ చువ్వను చేరితే తుప్పు మొదలవుతుంది. తుప్పు ఇనుముకన్నా రెండు మూడు రెట్లకు పైగా చోటు ఆక్రమిస్తుంది కాబట్టి, కింద ఉన్న పలుచని కాంక్రీటును లోపలి నుంచి నెట్టి పెచ్చులుగా ఊడగొడుతుంది. అంటే ఊడి పడిన చోటుకన్నా దాని చుట్టుపక్కల ఇంకా ఊడని చోటే ఎక్కువ భయపెట్టవలసినది. పొడవాటి వెదురు కర్రతో మెల్లగా తట్టి చూడండి. గట్టిగా ఉన్నచోట ఖంగుమంటుంది, లోపల విడిపోయిన చోట డొల్ల చప్పుడు వస్తుంది. డొల్లగా పలికినంత మేరా ఏదో ఒక రోజు పడేదే.

కాబట్టి ఈ రోజే చేయవలసింది మంచం మార్చడం. చెల్లెలిని ఆ గదిలో పగటి నిద్రకు కూడా ఉంచకండి. తరువాత డాబా ఎక్కి నీరు ఎక్కడ నిలుస్తోందో చూడండి. చాలా ఇళ్లలో వాననీరు దిగే గొట్టం మూతి ఆకులతో పూడిపోయి ఉంటుంది, లేదా పిట్టగోడ స్లాబును కలిసే మూలలో సన్నటి చీలిక ఉంటుంది. గొట్టం శుభ్రం చేసి, మంచి బరకం (టార్పాలిన్) ఒకటి కొని, ఆ గది మేర పైన కప్పి, ఒక అంచును పిట్టగోడ మీదుగా అవతలికి వేలాడదీసి ఇటుకలు పెట్టండి. ఇందులో సుత్తి లేదు, మేకు లేదు, అమ్మగారు కాదనడానికి ఏమీ లేదు. స్లాబు మధ్యలో ఏమాత్రం కిందికి కుంగినట్టు గాని, పొడవాటి చీలిక గాని కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకుండా స్లాబు కింద ఆసరాగా సరుగుడు కర్రలు నిలబెట్టించి, ఒక ఇంజినీరుకు చూపించండి.

ఇక శాస్త్రం సంగతి. గర్భిణి భర్తకు చెప్పిన నియమాల్లో క్షౌరం, శవం వెంట నడవడం, సముద్రస్నానం, దూరప్రయాణంతో పాటు ఇల్లు కట్టడం కూడా కూడదని ఉంది. అది భర్తకు చెప్పినది, మీరు అన్నగారు. అక్కడ వద్దన్నది కొత్తగా కట్టడాన్ని, కారే కప్పును ఆపడాన్ని కాదు. మీ బావగారు గెడ్డం గీసుకుంటున్నారో లేదో అమ్మగారు ఎప్పుడైనా అడిగారా? (ఈ మాట ఆమెతో నేను అన్నానని చెప్పకండి.) మేకు కొట్టకూడదన్నది ఆడవారి నోట తరతరాలుగా వచ్చిన ఆచారం. దానితో వాదానికి దిగి గెలిచినవారిని నేను చూడలేదు.

రాయగడ అక్క:

నేను ఆరోగ్య ఉపకేంద్రంలో పనిచేస్తాను, ఇలాంటి ఇళ్లకు రోజూ వెళుతుంటాను. అమ్మగారు చెప్పే కారణం నాకు తెలియదు గాని, ఆమె వద్దంటున్న పనిలో గర్భిణికి నిజంగానే చెరుపు ఉంది. 1994 నాటి ఇంట్లో తలుపులకు, కిటికీలకు వేసిన ఎనామిల్ రంగుల్లో సీసం ఉండే అవకాశం చాలా ఎక్కువ. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం పది లక్షల పాళ్లలో 90 పాళ్లకు మించకూడదన్న నిబంధన 2017 నవంబరులో గాని అమల్లోకి రాలేదు. పాత రంగు గీకినప్పుడు లేచే పొడి తల్లి ఊపిరితో, చేతులకు అంటి అన్నంతో లోపలికి పోతుంది, అక్కడి నుంచి మాయ దాటి బిడ్డను చేరుతుంది. గోడలు చెక్కినప్పటి సిమెంటు దుమ్ము, సిమెంటు రేకులకు రంధ్రం వేసినప్పుడు రాలే ఆస్బెస్టాస్ పొడి కూడా పీల్చదగినవి కావు. మరమ్మతు పేరుతో ఎవరైనా తలుపులకు కొత్త రంగు కూడా కొట్టించేద్దామంటే, ఆ ఒక్క విషయంలో అమ్మగారి పక్షాన నేనూ నిలబడతాను.

అయితే కారే ఇంట్లో నాకు అన్నిటికన్నా భయమయ్యేది తడిసిన గచ్చు. నున్నటి గచ్చు మీద నాలుగు చుక్కలు పడి ఉంటే, రాత్రి లేచి బయటికి వెళ్లే గర్భిణి జారి పడటానికి అవి చాలు. మంచం నుంచి స్నానాల గది దాకా దీపం వెలుగు ఉంచండి, కారే చోట బకెట్టు పెట్టి దాని అడుగున పాత గోనెసంచి పరచండి, తడిసిన గోనెను రోజూ మార్చండి.

ఇంకొకటి. డాబా మీద నిలిచిన నీటిలో, బరకం మడతల్లో ఆగిన నీటిలో దోమ గుడ్డు పెడితే వారం పది రోజుల్లో దోమై ఎగురుతుంది. మన గజపతి, రాయగడ వైపు మలేరియా సంగతి కొత్తగా చెప్పనక్కరలేదు. గర్భిణికి వస్తే రక్తం తగ్గిపోతుంది, బిడ్డ బరువు తక్కువగా పుడుతుంది. వారానికి ఒకసారి ఎక్కి ఆ నీటిని ఒంపేయండి. 2017లో ప్రభుత్వం పంచిన మందు దోమతెర మీ ఇంట్లో ఇంకా ఉంటే దాని మందు బలం ఈపాటికి పోయి ఉంటుంది. చిరుగులు లేకపోయినా కొత్తది అడిగి తీసుకోండి. చలి, జ్వరం ఏ మాత్రం కనిపించినా ఆ రోజే రక్తపరీక్ష చేయించండి.

జయపురం రైతు:

మా ఇంట్లో జరిగినది చెబుతాను, దాని అర్థం ఏమిటో మీరే చూడండి. మా తమ్ముడి భార్య అయిదో నెలలో ఉండగా, ఎండలకు ఆగలేక గదిలో కొత్త ఫ్యాను బిగించాలని నేనే దూలానికి బోల్టు దిగగొట్టాను. మా అమ్మ ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. వారం తిరగకముందే మరదలికి రక్తం కనిపించి, రాత్రికి రాత్రి ఆసుపత్రికి పరిగెత్తాం. మాయ కిందికి ఉందని, అది అంతకు ముందు స్కానింగులోనే కనిపించిందని, కాగితం మీద రాసి కూడా ఉందని డాక్టరమ్మ మాకు చూపించింది. బోల్టు కొట్టిన తేదీకన్నా ఆ కాగితం తేదీ ముందుది. నేను కళ్లారా చూశాను, నాకు అర్థమైంది. ఇంటికి వచ్చి బట్టలైనా మార్చుకోకుండా నిచ్చెన వేసుకుని ఆ బోల్టు పీకేశాను. ఎందుకు పీకానో ఇప్పటికీ చెప్పలేను. పాప పుట్టింది, బడికి వెళుతోంది. దూలానికి ఆ రంధ్రం అలాగే ఉంది, ఫ్యాను మాత్రం టేబుల్ ఫ్యానే.

అందుచేత, తమ్ముడూ, ఆ ఇంట్లో ఇప్పుడు సుత్తి దెబ్బ పడి, తరువాత దానితో ఏ సంబంధమూ లేని చిన్న నలత వచ్చినా, ఆ నింద జీవితాంతం మీ మీదే ఉంటుంది. అమ్మ అనకపోయినా మీ మనసు అంటుంది. ఆ పెచ్చులు రాల్చక తప్పదంటే చెల్లెలు ఆ రోజుకు ఇంట్లో లేకుండా చూడండి, అదీ అమ్మ చేతనే చెప్పించండి.

బరంపురం ఇంజినీరు:

వానలో పూత నిలవదన్నది మాస్టారు సరిగ్గా చెప్పారు. కానీ డొల్లగా పలికే పెచ్చులను మాత్రం రాల్చక తప్పదు, ఆ విషయంలో నా మాట మారదు. గదికి తాళం వేసినా, ఏ గొడుగు కోసమో ఎవరో ఒకరు లోపలికి వెళతారు.

పర్లాకిమిడి తమ్ముడు:

అందరికీ కృతజ్ఞతలు. మంచం ఆ రాత్రే ముందు గదిలోకి మార్చాం. గొట్టం మూతిలో ఆకులతో పాటు మా పక్కింటి పిల్లల బంతి కూడా దొరికింది. బరకం కప్పాక గదిలోకి చుక్క పడటం చాలావరకు తగ్గింది. కర్రతో తట్టి చూస్తే ఫ్యాను కొక్కెం చుట్టూ చాపంత మేర డొల్లగా పలుకుతోంది. కుంగినట్టు గాని, పొడవాటి చీలిక గాని ఏమీ లేదు.

గర్భిణీపతి నియమాల మాట అమ్మతో అన్నాను. ఆమె సమాధానం చెప్పలేదు గాని, సాయంత్రం బావగారికి ఫోను చేసి చాలాసేపు మాట్లాడింది. మర్నాడు తనంతట తానే, బుధవారం చెల్లెలిని పరీక్షకు తీసుకువెళ్లినప్పుడు అటునుంచి అటే మేనమామగారింట్లో రెండు రోజులు ఉంచుతానని, ఈలోగా పెచ్చులు రాల్చుకోమని చెప్పింది. చేతికి తేలిగ్గా రాలినంత వరకే రాల్చాలని, రాలనిదాన్ని సుత్తితో కొట్టకూడదని షరతు పెట్టింది. దుమ్మంతా కడిగాక గుమ్మానికి పసుపు రాయాలట, అది నాకూ అభ్యంతరం లేని పనే.

మాస్టారూ, మేస్త్రికి అక్టోబరు అని చెప్పనా? బయటపడిన చువ్వను అప్పటిదాకా అలాగే వదిలేయవచ్చా?

గుణుపురం మాస్టారు:

అక్టోబరు చెప్పకండి. మన వైపు తుపానులకు అదే నెల. పైలిన్ 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర, హుద్‌హుద్ మరుసటి ఏడు అదే తేదీన విశాఖ దగ్గర, తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటాయి. తిత్లీ మీ గజపతి జిల్లాను ఏం చేసిందో మీకు గుర్తుండే ఉంటుంది. స్లాబు పైన పాత గచ్చు తవ్వి పరిచి ఉన్న రోజున అలాంటి వాన వస్తే ఇల్లంతా నీరవుతుంది. డిసెంబరు చెప్పండి. అప్పటికి స్లాబు బాగా ఆరుతుంది, బిడ్డకు మూడో నెల వస్తుంది, మీ చెల్లెలు అత్తవారింటికి వెళ్లాక పని పెట్టుకుంటే అమ్మగారికీ ఇబ్బంది ఉండదు. పండుగలకు ఇంటికి వచ్చిన పనివాళ్లు సూరత్‌కో కేరళకో మళ్లీ బయలుదేరకముందే బయానా ఇచ్చి ఉంచండి, లేకపోతే మేస్త్రి దొరికినా కూలీలు దొరకరు.

చువ్వ సంగతి అడిగారు. పెచ్చులు రాల్చిన రోజునే ఇనుప తీగల బ్రష్షుతో తుప్పును రుద్దించి, గుడ్డతో తుడిపించి, తుప్పు నిరోధించే ప్రైమరు పూయించండి. దాని వాసన ఘాటుగా ఉంటుంది కాబట్టి ఆ రెండు రోజులూ కిటికీలు తెరిచి ఉంచి, వాసన పూర్తిగా పోయాకే చెల్లెలిని తీసుకురండి. చువ్వను తుప్పు తినేసి అది సన్నబడినట్టు కనిపిస్తే మాత్రం ప్రైమరుతో సరిపెట్టకుండా ఫొటో తీసి ఇక్కడ పెట్టండి, పక్కన ఒక పెన్ను ఆనించి తీస్తే లావు తెలుస్తుంది. బరంపురం బాబు చూసి చెబుతారు.