మాంగాలో వినపడని పాత్ర: బెలూన్లు, సైగలు ఎలా గీయాలి?

సిరాచుక్క:
జపాన్ హైస్కూల్లో జరిగే వన్‌షాట్ మాంగా (ఒక్క భాగంలోనే ముగిసే జపాన్ తరహా కామిక్) గీస్తున్నాను. డైలాగులు తెలుగులోనే. నాయికకు పుట్టుకతో వినికిడి బాగా తక్కువ, చెవి మిషన్ పెట్టుకుంటుంది. ఆమె వైపు నుంచి చూపే పేజీల్లో ఎదుటివాళ్ల మాటలు రాసే బెలూన్లు ఖాళీగా వదిలేయాలా? సైన్ లాంగ్వేజ్ డైలాగు ఒక్క ప్యానెల్లో, అంటే ఒక్క బొమ్మ గడిలో, ఎలా పట్టించాలి?

గళ్లకాగితం:
ఖాళీ వద్దండి. మిషన్ పెట్టుకున్నప్పుడు శబ్దం అందుతుంది, మాటే విడిపడదు. యోషితోకి ఓయిమా తన మాంగా 'కోయె నో కతాచి'లో, వినపడని నాయిక షోకో కోణంలో నడిచే అధ్యాయంలో అక్షరాలను సగం చెరిపేసింది అందుకే. చాలామందికి ముందుగా పోయేవి స, శ, చ, త లాంటి హల్లులు. వాటి ధ్వని హై ఫ్రీక్వెన్సీలో ఉంటుంది. అచ్చులు కాస్త నిలుస్తాయి. కాబట్టి గుడులు, కొమ్ములు ఉంచి హల్లు చెరపండి. గుణింతం గుర్తును విడిగా టైప్ చేస్తే చుక్కల సున్నా వస్తుంది. మాట మొత్తం టైప్ చేసి, ఆ లేయర్‌ను రాస్టరైజ్ చేశాక (అంటే అక్షరాలను బొమ్మగా మార్చాక) ఎరేజర్‌తో కొట్టేయండి.

సైగలకు ఛాతీ నుంచి తల పైదాకా ఫ్రేమ్ పెట్టండి. చెయ్యి మొదలైన చోటు పలచని గీతతో, ఆగిన చోటు ముదురు గీతతో, మధ్యలో చిన్న బాణం. ప్యానెల్‌కు ఒకటే సైగ, వాక్యంలో ముఖ్యమైనది. మిగతాది బెలూన్ చూసుకుంటుంది. అవును-కాదు ప్రశ్నకు కనుబొమ్మలు పైకి లేవాలి. జపాన్ సైన్ లాంగ్వేజ్‌లో అది వ్యాకరణం, ఉట్టి హావభావం కాదు. బొమ్మను అద్దంలోలా తిప్పితే కుడిచేతివాటం పిల్ల ఎడమచేత్తో సైగ చేస్తుంది, చూసుకోండి.

నిశిరాత్రి:
మిషన్‌ను ఇయర్‌బడ్‌లా గీసేస్తారు, చిరాకు. ఆ స్థాయి లోపానికి ఎక్కువగా వాడేది చెవి వెనక కూర్చునే రకం: చెవి పైఅంచు వెనక పెట్టె, ముందుకు వంగే కొక్కెం, సన్నని పారదర్శక గొట్టం, చెవి గుంటను నింపే మోల్డ్. కౌగిలించుకున్నా, చెవికి చెయ్యి అడ్డం పెట్టినా కీచుమంటుంది. మోల్డ్ పక్కనుంచి బయటికొచ్చిన శబ్దం మైకులోకి తిరిగి వెళ్లడమే కారణం. ప్రేమ సన్నివేశానికి పనికొచ్చే వివరం అది!

సిరాచుక్క:
థాంక్స్ అండి. క్లాసులో గొడవ సీన్ ఉంది, ఆరుగురు మాట్లాడతారు. ఆమె పెదవులు చదివి అర్థం చేసుకుంటుందని రాశాను. నడుస్తుందా?

గళ్లకాగితం:
నడవదు. ప, బ, మ మూడూ పెదవులపై ఒకేలా ఉంటాయి. క, గ గొంతు దగ్గర పలుకుతాయి కాబట్టి కనిపించవు. జపనీస్‌లో 'తమాగో' అంటే గుడ్డు, 'తబాకో' అంటే సిగరెట్టు. నోరు చూస్తే రెండూ ఒకటే. ఎదురుగా, వెలుతురులో, ఒక్కరే మాట్లాడితే సందర్భాన్ని బట్టి ఊహించుకోవచ్చు. ఆరుగురిలో ఎవరు నోరు తెరిచారో వెతికి తల తిప్పేలోపే సగం మాట అయిపోతుంది. ఒక ప్యానెల్లో ఆమె చూపు, తర్వాతి ప్యానెల్లో అప్పటికే నోరు మూసుకున్న ముఖం గీయండి. అందరూ నవ్వాక ఒక ప్యానెల్ ఆలస్యంగా ఆమె నవ్వాలి.

నిశిరాత్రి:
ఆ పేజీలో సౌండ్ ఎఫెక్టులు తీసేయండి. బల్ల మీద గుద్దింది మాత్రం ఉంచండి, ఆమె మోచెయ్యి ఆ బల్ల మీదే ఉంటే. ఆ అదురు చేతికి తెలుస్తుంది కదా.