పాత 520డి (ఎఫ్10) కొనొచ్చా? చైన్, గేర్‌బాక్స్, ఈజీఆర్ సంగతి తెలిసినవాళ్లు చెప్పండి

కొత్తబండి_కిరణ్
2013 బీఎండబ్ల్యూ 520డి డీజిల్ (ఎఫ్10 అనేది ఆ తరం మోడల్ పేరు), మీటర్ 92,000 కి.మీ. చూపిస్తోంది, రెండో ఓనర్ దగ్గరుంది. టైమింగ్ చైన్ భయం నిజమేనా? గేర్‌బాక్స్ ఎన్నాళ్లు లాగుతుంది? ఈజీఆర్ (పొగను కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపే భాగం) రీకాల్ సంగతేంటి? ఇన్సూరెన్స్‌లో ఏం ఉండాలి? మూడేళ్ల తర్వాత అమ్మితే ఎంతొస్తుంది? కొనాలా వద్దా అన్నది తర్వాత, ముందు ఇవి చెప్పండి.

మియాపూర్_మూర్తి
చైన్ భయం నిజమే, కానీ సగం మంది తప్పు చోట వింటారు. ఈ బండిలో ఉండే ఎన్47 డీజిల్ ఇంజిన్‌లో చైన్ ముందువైపు ఉండదు. వెనక, గేర్‌బాక్స్ వైపు ఉంటుంది. బెల్టు దగ్గర చెవి పెడితే ఏమీ తెలీదు. బండి రాత్రంతా చల్లారి ఉండాలి. పొద్దున మొదటి స్టార్ట్‌లో బోనెట్ ఎత్తి, క్యాబిన్ గోడ వైపు వినండి. ఆ తర్వాత 2,000 ఆర్‌పీఎం దాకా లేపి కాలు తీసేయండి. దిగేటప్పుడు 1,500 దగ్గర రేకు మీద గొలుసు లాగినట్టు గరగరమందంటే ప్లాస్టిక్ గైడు అరిగింది, లేదా చైన్ సాగింది. మీరు వెళ్లేసరికే ఇంజిన్ వేడిగా ఉంటే ఇంకో రోజు వస్తానని చెప్పి వచ్చేయండి.

ఈ గొడవ ఎక్కువగా 2007 నుంచి 2011 మధ్య ఇంజిన్లది. తర్వాతివాటిలో తగ్గింది, పోలేదు. చైన్, గైడ్లు, టెన్షనర్ కలిపినా కిట్టు పెద్ద ఖర్చు కాదు, గేర్‌బాక్స్ దించే లేబరే ఖర్చు. దించినప్పుడే క్రాంక్ వెనక ఆయిల్ సీలు కూడా మార్పించండి. తెగేదాకా ఆగితే వాల్వులు పిస్టన్లకు తగులుతాయి, అప్పుడు హెడ్డు విప్పాల్సిందే.

డాలస్_వాసు
చైన్ కంటే ముందు వాటర్ పంపు చూడండి బ్రో. ఎఫ్10లో అది ఎలక్ట్రిక్. చెప్పాపెట్టకుండా ఆగిపోతుంది, హైవే మీద ఇంజిన్ వేడెక్కిపోతుంది. 528ఐ వాళ్లందరికీ తెలిసిన సంగతే.

స్పానర్_సత్తి
డాలస్ బాబూ, 528ఐ పెట్రోలండి. ఆయన అడిగింది డీజిలు. ఎన్47కి బెల్టు మీద తిరిగే మామూలు పంపు. మీ అమెరికాలో 520డి అమ్మనే లేదు కదా, ఏ బండి చూసి చెప్తున్నారు?

22 ఏళ్ల నుంచి జర్మన్ బండ్లే చేస్తున్నానండి, నా మాట వినండి. చైన్ కాదు, ముందు ఇన్‌టేక్ మేనిఫోల్డ్‌లో (ఇంజిన్‌లోకి గాలి పోయే దారి) స్విర్ల్ ఫ్లాపులు, అంటే గాలిని సుడి తిప్పే చిన్న రెక్కలు, పీకించేయండి. స్క్రూ ఊడి సిలిండర్‌లో పడితే ఇంజిన్ పోయినట్టే.

మియాపూర్_మూర్తి
సత్తి గారూ, 22 ఏళ్లలో ఇంజిన్లు మారాయండి. ఫ్లాపు ఊడి లోపల పడింది పాత ఎం47, ఎం57లలో. ఇనుప షాఫ్టు, చిన్న స్క్రూలు వాటివి. ఎన్47లో ఫ్లాపులు ప్లాస్టిక్‌వి, వాటి కథ వేరు. మసి పట్టి బిగుసుకుంటాయి, ఎర్రర్ వస్తుంది, లాగుడు తగ్గుతుంది. మేనిఫోల్డ్ విప్పి మసి గీకిస్తే చాలు.

స్పానర్_సత్తి
పుస్తకం చదివి చెప్పేవాళ్లకీ చేతికి గ్రీజు అంటినవాళ్లకీ తేడా ఉంటుందిలెండి.

ఓఆర్ఆర్_రాజు
గీ పంచాయితీ మీరు మీరు తేల్చుకోండ్రి. కిరణ్ అన్నా, బండి సిటీలనే తిరిగిందా, లాంగ్ పోయిందా అడుగు. సిటీల ఐదైదు కిలోమీటర్లు తిరిగిన డీజిల్‌కు డీపీఎఫ్, అంటే పొగల మసి పట్టే ఫిల్టర్, నిండుతది. మస్తు మంది డీపీఎఫ్ పోయింది అనుకొని కొత్తది ఏపిస్తరు. అసలు దొంగ థర్మోస్టాట్. అది తెరుసుకొనే ఉండిపోతే కూలెంట్ 70 డిగ్రీల కాడనే ఆగుతది. 75 దాటకుంటే బండి రీజెనరేషన్, అంటే ఆ మసి కాల్చుడు, మొదలే పెట్టదు. కూలెంట్‌కు సూది మీటర్ ఉండది కాబట్టి నీకు తెల్వది. ఓబీడీ రీడర్ (బండి కంప్యూటర్ల లెక్కలు చూపెట్టే చిన్న మెషీన్) పెట్టి 20 నిమిషాలు ఓఆర్ఆర్ మీద నడిపి కూలెంట్ టెంపరేచర్ చూడు. 85 పైన నిలబడాలె. చిన్న పార్టు, పెద్ద ఖర్చు తప్పుతది.

ఇంకొకటి. రీజెన్ మధ్యల బండి బంద్ చేస్తే కాలని డీజిల్ ఇంజిన్ ఆయిల్ల కలుస్తది. ఆయిల్ పల్చబడితే ఫస్ట్ దెబ్బ చైన్ టెన్షనర్‌కే.

బెజవాడ_బానెట్
ఆయిల్ మాటొచ్చింది కాబట్టి. బండి స్క్రీన్ మీద చూపించే సర్వీసు గడువు నమ్మొద్దు. 10,000 కి.మీ. లేదా ఏడాది, ఏది ముందైతే అది. 5.2 లీటర్లు పడుద్ది, లాంగ్‌లైఫ్-04 (బీఎండబ్ల్యూ ఆయిల్ ప్రమాణం) అని డబ్బా మీద రాసుండాలి. డీపీఎఫ్ ఉన్న డీజిల్‌కి బూడిద తక్కువొచ్చే ఆయిలే పొయ్యాలి. మసి కాలుద్ది, బూడిద కాలదు.

గేర్‌బాక్స్ మాత్రం ముట్టుకోవద్దు. అది లైఫ్‌టైమ్ ఆయిల్, బీఎండబ్ల్యూ వాళ్లే చెప్పారు. బాగున్నదాన్ని కెలికి పాడు చేసుకోవడం ఎందుకు?

మియాపూర్_మూర్తి
ఎవరి లైఫ్? ఆ గేర్‌బాక్స్ తయారుచేసింది జడ్ఎఫ్ కంపెనీ. 80,000 నుంచి 1,20,000 కి.మీ. మధ్య, లేదా 8 ఏళ్లకు ఆయిల్ మార్చమని వాళ్లే చెప్తున్నారు. కిరణ్ చూస్తున్న బండి వయసు, కిలోమీటర్లు రెండూ ఆ గీతకు వచ్చేశాయి.

బెజవాడ_బానెట్
మార్చిన తర్వాతే గేర్ జారడం మొదలైన బండ్లు ఎన్ని చూపించమంటారు?

స్పానర్_సత్తి
అది సగం మార్చిన బాపతండి. పాన్ (కింది ఆయిల్ తొట్టి) విప్పితే 5, 6 లీటర్లే వస్తుంది. మిగతాదంతా టార్క్ కన్వర్టర్‌లో పాతదే. మెషీన్ పెట్టి 12 లీటర్లు పోసి మొత్తం ఫ్లష్ కొట్టాలి. నేను చెప్తున్నాను కదా.

మియాపూర్_మూర్తి
మెషీన్ వద్దు. లక్ష దాటిన గేర్‌బాక్స్‌లో ప్రెజర్‌తో కదిలిన చెత్త మెకట్రానిక్ (గేర్లు మార్చే కంట్రోల్ యూనిట్) వాల్వుల్లోకి పోతుంది. పాన్ మార్చి 7 లీటర్ల కిట్టుతో ఒకసారి చెయ్యండి. మనసొప్పకపోతే కొన్ని వేల కిలోమీటర్లు తిప్పి ఇంకోసారి ఆయిల్ మాత్రం తీసి పోయండి. బానెట్ గారు చెప్పిన జారుడుకి అసలు కారణం ఆయిల్ మార్చడం కాదు, లెవెల్ తప్పు పట్టడం. దీనికి డిప్‌స్టిక్ ఉండదు. విధానం ఇది.

బండి లిఫ్ట్ మీద సమంగా ఉండాలి. ముందు ఫిల్ ప్లగ్గు వదులు చెయ్యండి. అది రాకపోతే కింది ఆయిల్ తియ్యనే వద్దు. తీసేశాక పోసే దారి లేక బండి లిఫ్ట్ మీదే ఉండిపోతుంది. పాన్ ప్లాస్టిక్‌ది, ఫిల్టర్ అందులోనే కలిసి ఉంటుంది, కాబట్టి పాన్ మొత్తం కొత్తదే. బోల్టులు ఎదురెదురుగా, 10 ఎన్ఎం (న్యూటన్ మీటర్లు) బిగువు, టార్క్ రెంచ్‌తోనే. చేతి అంచనాతో బిగిస్తే పాన్ పగులుతుంది. పాత పాన్‌లో అయస్కాంతాలు చూడండి. బూడిద రంగు పేస్టు మామూలే, గోటికి తగిలే ముక్కలుంటే బేరం మానుకోండి. వైరింగ్ ప్లగ్గు చుట్టూ ఉండే సీలింగ్ స్లీవ్ ఆయిల్ చెమరిస్తుంది, అదీ అప్పుడే మార్చాలి.

ఇంజిన్ ఆపి, పొర్లేదాకా పోయండి. స్టార్ట్ చేసి, మళ్లీ పోయండి. బ్రేక్ మీద కాలు పెట్టి ఆర్, డీ కాసేపు వేసి పార్క్‌కి తేవాలి. స్కానర్‌లో గేర్‌బాక్స్ ఆయిల్ 30, 50 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు, ఇంజిన్ తిరుగుతుండగా, ఫిల్ ప్లగ్గులోంచి సన్నధార కారుతుంటే లెవెల్ సరిపోయినట్టు. అప్పుడు మూసెయ్యాలి. మన ఎండల్లో తప్పు జరిగేది ఇక్కడే. మే నెలలో రోడ్డు మీంచి వచ్చిన బండిని అలాగే ఎత్తి, 80 డిగ్రీల ఆయిల్‌తో లెవెల్ పడతారు. వేడికి ఉబ్బి ఎక్కువ బయటికి పోతుంది. చల్లారాక లోపల తక్కువ. మర్నాడు పొద్దున డీ వేస్తే రెండు సెకన్లు ఆగి తంతుంది. అదే మీరు చెప్పే “మార్చాక జారిన” బండి.

బెజవాడ_బానెట్
ఇంత పెద్ద వ్యాసం రాస్తే నిజమైపోద్దా? అడాప్టేషన్ రీసెట్ (గేర్‌బాక్స్ కంప్యూటర్ నేర్చుకున్న లెక్కలు చెరిపెయ్యడం) సంగతి చెప్పలేదే?

స్పానర్_సత్తి
రీసెట్ కొట్టకపోతే పనే కానట్టండి.

మియాపూర్_మూర్తి
ఒక్క ఆయిల్ మార్చినందుకు రీసెట్ అక్కర్లేదు. క్లచ్చులు, మెకట్రానిక్ మారిస్తే కొట్టాలి. అనవసరంగా కొడితే కొన్నాళ్లు గేర్లు తడబడతాయి, దానికీ మళ్లీ ఆయిల్‌నే తిడతారు.

స్పానర్_సత్తి
మీ షెడ్డు ఎక్కడండీ? వచ్చి చూస్తాను, లిఫ్ట్ ఉందో కీబోర్డే ఉందో.

చర్చ_అడ్మిన్
షెడ్డుల దగ్గరికి పోకండి. ఇద్దరికీ ఇది మొదటి హెచ్చరిక.

కొత్తబండి_కిరణ్
గేర్‌బాక్స్ అర్థమైంది. ఈజీఆర్, రీసేల్ ఎవరైనా చెప్పండి.

గుంటూరు_టార్క్
ఈజీఆర్ కూలర్ తేలిగ్గా తీసుకోవద్దు. 2018లో కొరియాలో 520డిలు వరసగా తగలబడ్డాక బీఎండబ్ల్యూ రీకాల్ వేసింది, అదే ఏడాది అక్టోబర్‌కి ప్రపంచమంతటా 16 లక్షల బండ్లకు పెరిగింది. కూలర్ లోపల కూలెంట్ కారి మసితో కలిసి అట్ట కడుతుంది. పొగ వేడికి అది రాజుకుంటే ప్లాస్టిక్ మేనిఫోల్డ్ కరుగుతుంది. ఛాసిస్ నంబర్ ఇచ్చి కంపెనీ సర్వీసులో పెండింగ్ ఉందో లేదో అడగండి, ఫ్రీగా చెప్తారు. చల్లటి ఇంజిన్ మీద కూలెంట్ మట్టం చూసి గుర్తు పెట్టండి. కింద చుక్క లేకుండా వారం వారం తగ్గుతుంటే అనుమానం కూలర్ మీదే. బోరు నీళ్లు కలిపారేమో కూడా చూడండి. నీలం కూలెంట్, డిస్టిల్డ్ వాటర్, సగం సగం. ట్యాంకులో తెల్లటి పొలుసు కనబడితే పోసింది బోరే.

లెక్సస్_లక్ష్మణ్
ఇన్ని భయాల మధ్య ఈ బండెందుకండీ? లెక్సస్ ఈఎస్ 300హెచ్ హైబ్రిడ్ తీసుకోండి. చైన్ గొడవ లేదు, టర్బో లేదు, డీపీఎఫ్ లేదు.

ఓఆర్ఆర్_రాజు
వచ్చిండు. లెక్సస్ మనకాడికి వచ్చిందే 2017ల. 2013 బండి బడ్జెట్ల అది యాడ దొరుకుతది అన్నా? దానిలనూ చూసేటిది ఉంది. వెనక సీట్ కాడ హైబ్రిడ్ బ్యాటరీకి గాలి పీల్చే జాలి ఉంటది. దుమ్ము, కుక్క వెంట్రుకలు పడితే మూసుకపోతది. ఫ్యాన్ గట్టిగ ఊదుతది, బ్యాటరీ ఉడుకుతది. ఫిల్టర్ తీసి దులపకుండ “లెక్సస్‌కు ఏం గాదు” అని తిరిగేటోళ్లే ఎక్కువ.

లెక్సస్_లక్ష్మణ్
దులపడం ఉచితం. చైన్ ఉచితం కాదు.

బెజవాడ_బానెట్
బ్యాటరీ అంటే గుర్తొచ్చింది. 520డికి బ్యాటరీ డిక్కీలో ఉంటుంది, ఏజీఎం రకం, 90 ఏహెచ్. కొత్తది వేశాక స్కానర్‌తో రిజిస్టర్ చెయ్యాలి. లేకపోతే ముసలి బ్యాటరీ అనుకుని బండి పాత లెక్కలోనే ఛార్జ్ చేస్తది, కొత్తది తొందరగా చస్తది. చవగ్గా వస్తోందని మామూలు నీళ్ల బ్యాటరీ పెట్టొద్దు. గ్యాస్ బయటికి పోయే గొట్టం కూడా తగిలించకుండా వదిలేస్తారు మనవాళ్లు, ఆ వాసనంతా లోపలికే. ఇందులో తప్పుంటే చెప్పండి మూర్తి గారూ, మళ్లీ వ్యాసం రాద్దురు గానీ.

మియాపూర్_మూర్తి
అక్షరం తప్పు లేదు. ఒక్కటి కలుపుతా. బ్యాటరీ పక్క మూలలో కార్పెట్ ఎత్తి చూడండి. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబర్‌లో బుడమేరుకి విజయవాడలో మునిగిన బండ్లు పాలిష్ కొట్టించుకుని తిరుగుతున్నాయి. సీటు రైలు బోల్టుల తుప్పు, సీటు బెల్టు మొత్తం బయటికి లాగితే చివర కనిపించే బురద గీత, డిక్కీ కింది కంట్రోల్ బాక్సుల ప్లగ్గుల్లో పచ్చటి కిలుం చూసుకోవాలి. ఈ మూడింట్లో ఒక్కటి కనబడినా దండం పెట్టి వచ్చేయండి.

ఇన్సూరెన్స్‌లో ఇంజిన్ ప్రొటెక్ట్ లేకపోతే నీళ్లలో స్టార్ట్ కొట్టి వంగిన కనెక్టింగ్ రాడ్లకు మామూలు పాలసీ డబ్బులివ్వదు. జీరో డెప్ (పార్టుల అరుగుదల కోత లేని కవర్) ఈ వయసు బండికి దొరకడం కష్టమే.

డాలస్_వాసు
పెట్రోల్ అని చెప్పనందుకు సారీ. టైర్లు మాత్రం అన్నింటికీ ఒకటే. రన్‌ఫ్లాట్లు, స్టెప్నీ లేదు. గాలి పూర్తిగా పోయినా 80 స్పీడుతో 80 కి.మీ. పోవచ్చు, అంతే.

ఓఆర్ఆర్_రాజు
గుంతల పడితే సైడ్ వాల్ ఉబ్బుతది, గది చెప్పు. నాలుగింటి మీద డేట్ కోడ్ చూడు అన్నా. నాలుగంకెలు, మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. నాలుగు టైర్లకు నాలుగు సంవత్సరాలుంటే ఓనర్ ఎసొంటోడో తెలుస్తది.

కొత్తబండి_కిరణ్
మూడోసారి అడుగుతున్నా, రీసేల్?

గుంటూరు_టార్క్
ఢిల్లీ బండి కాదు కదా? అక్కడ పదేళ్లు దాటిన డీజిళ్లు తిరగొద్దని 2015లో ఎన్‌జీటీ (జాతీయ హరిత ట్రిబ్యునల్) అన్నాక, 2018లో సుప్రీంకోర్టు సమర్థించాక, 2025లో అదే కోర్టు సడలించేదాకా అవి ఎన్ఓసీతో ఇటే దిగాయి. రేట్లు కిందికి లాగింది అవే. ఫామ్ 28, అంటే ఆ ఎన్ఓసీ కాగితం, అడగండి.

కొత్తబండి_కిరణ్
హైదరాబాద్ బండే అని మొదట్లోనే చెప్పాల్సింది. సరే, శనివారం పొద్దున చల్లటి ఇంజిన్ మీద వింటా. మా వీధి షెడ్డులో గేర్‌బాక్స్ ఆయిల్ మారుస్తామంటున్నారు, స్కానర్ లేదట. వేడి చేత్తో పట్టుకుని చెప్తారట.

స్పానర్_సత్తి
స్కానర్ లేని చోట గేర్‌బాక్స్ పని వద్దండి. అక్కడ వాటర్ వాష్ చేయించుకుని వచ్చేయండి.

మియాపూర్_మూర్తి
ఇది మాత్రం సత్తి గారు చెప్పినట్టే చెయ్యండి.